‘బెర్హెంతి’ అంటే ఆగడం ఒక్కటే కాదు

(ఆదివారం సుంగై పెటానిలో జరిగిన మన సభ్యుల సమావేశంలో ఒక పాత సభ్యుడు మాట్లాడినది. షిఫ్టు వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పంపుతున్నాం. కొంచెం పొడుగ్గా ఉంది. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి, రూమ్‌లో మిగతావాళ్లకూ చదివి వినిపించండి.)

నైట్ షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చినవాళ్లున్నారు, కళ్లు చూస్తే తెలుస్తోంది. కునుకు పడితే నేనేమీ అనుకోను.

మలయ్ భాష నేర్చుకోవడం గురించి మాట్లాడమన్నారు. నేను పంతుల్ని కాదు. పదో తరగతి తప్పినవాణ్ణి. ముప్పై ఆరేళ్లప్పుడు ఈ దేశం వచ్చాను. ఆ వయసులో మళ్లీ అఆలు దిద్దడం ఏమిటి, చెయ్యి పనిచేస్తే చాలదా అనుకున్నాను. నా కథ ముందు చెప్తాను, అందులోనే సగం ఉంది.

వచ్చిన రెండో ఏడు. హాస్టల్ నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే రోడ్డు మీద ఎర్ర బోర్డు ఉండేది, ‘బెర్హెంతి’ అని. బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. ఓహో, బెర్హెంతి అంటే ఆగు అన్నమాట అని నాకు నేనే నేర్చుకున్నాను. గర్వంగా కూడా ఉండింది. తర్వాత ఒకరోజు ఒళ్లు కాలిపోయే జ్వరం. రెండు రోజులు పని ఆపుతానని చెప్పాలి. సూపర్వైజర్ దగ్గరికెళ్లి ‘సాయా మావు బెర్హెంతి కెర్జా, దువా హారి’ అన్నాను. నేను, కావాలి, ఆగడం, పని, రెండు రోజులు. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా? ఆయన నన్ను ఎగాదిగా చూసి ఆఫీసుకు పంపాడు. అక్కడ ఒక కాగితం టైప్ చేసి ముందు పెట్టారు. సెలవు కాగితం అనుకుని సంతకం పెట్టేశాను.

‘బెర్హెంతి కెర్జా’ అంటే ఉద్యోగం మానెయ్యడం. సెలవు కావాలంటే ‘చూతి’ అనాలి. నేను సంతకం పెట్టింది రాజీనామా మీద, ఇంకో రెండు రోజుల్లో వెళ్లిపోతానని. మన పర్మిట్ ఏ కంపెనీ పేరు మీద ఉందో ఆ కంపెనీతోనే ముడిపడి ఉంటుందని మీకు తెలుసు. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే టికెట్టే. అప్పటికి ఏజెంటు అప్పు ఇంకా సగం తీరలేదు.

కాపాడింది క్యాంటీన్‌లో అన్నం వడ్డించే మక్ చిక్. నా చేతిలో కాగితం నకలు చూసి ‘ఆవాత్ హాంగ్ నాక్ బెర్హెంతి?’ అంది. ఎందుకురా మానేస్తున్నావు అని. నేను నుదురు చూపించి జ్వరం అని సైగ చేశాను. ఆవిడ గరిటె అక్కడ పెట్టి, ఏప్రాన్‌తోనే నన్ను ఆఫీసుకు లాక్కెళ్లింది. ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాగితం మాత్రం చింపేశారు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు మోసం చేశారని కూడా నేను అనను. నేను చెప్పిందే వాళ్లు రాశారు. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని, ఇక ఈ భాష నేర్చుకోకపోతే కుదరదు అనుకున్నాను.

కొందరంటారు, సుంగై పెటానిలో తమిళం వస్తే చాలు అని. నిజమే, కొట్టులో, గుడిలో, బస్‌స్టాండ్‌లో తమిళంతో గడిచిపోతుంది. నాకూ మొదట అదే వచ్చింది. కానీ పోలీసు ఆపినప్పుడు, ఆస్పత్రి ఫారం నింపినప్పుడు, లేబర్ ఆఫీసులో కూర్చున్నప్పుడు, ముఖ్యంగా సంతకం పెట్టే కాగితం మీద, ఉండేది మలయే.

ఇప్పుడు మంచి సంగతి. ఇది మనకు పూర్తిగా పరాయి భాష కాదు. ఈ కెడా తీరానికి మన వైపు నుంచి ఓడలు వెయ్యేళ్లకు పైగానే వచ్చాయి. ఇక్కడికి దగ్గర్లోనే మెర్బోక్ పక్కన బుజాంగ్ లోయలో పాత గుళ్ల పునాదులు, మ్యూజియం ఉన్నాయి, సెలవు రోజు వెళ్లి చూడండి. ఆ రాకపోకల్లో మాటలూ ఇక్కడ దిగిపోయాయి. ఏ ఫారం అయినా తీయండి. మొదట ‘నామా’, అంటే పేరు. భాష ‘బహాసా’. తల ‘కెపాలా’, మన కపాలమే. ముఖం ‘ముకా’. జరిమానా ‘దెండా’, మన దండన. పని ‘కెర్జా’, అది కార్యం అనే మాట నుంచి వచ్చింది. మొగుడు ‘సువామి’, పెళ్లాం ‘ఇస్తెరి’. స్వామి, స్త్రీ. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు ఫోన్లో చెప్పకండి, స్వామి ఎవరో తేల్చమంటారు. మెషీన్ మీద ‘బహాయా’ అని రాసి ఉంటుంది చూడండి, అది మన భయమే, ఇక్కడ ప్రమాదం అని అర్థం. ఆ మాట కనిపిస్తే చెయ్యి పెట్టకండి.

తేడా కొట్టేవీ ఉన్నాయి. కాలు ‘కాకి’. డాక్టర్ దగ్గర ‘కాకి సాకిత్’ అంటే కాలు నొప్పి. మొదటిసారి విని నవ్వు ఆపుకోలేకపోయాను, పక్కన నొప్పితో ఉన్నవాడు నన్ను కొట్టబోయాడు.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. ‘మనం’, ‘మేము’ అని మనకు రెండు మాటలున్నాయి. హిందీలో రెండింటికీ ‘హమ్’, ఇంగ్లీషులో ‘వుయ్’. మలయ్‌లో మనలాగే రెండు. ‘కితా’ అంటే మనం, ‘కామి’ అంటే మేము. మీ గురించి ఆఫీసర్‌కు చెప్పేటప్పుడు కామి అనాలి. ‘కామి బెలుం దాపాత్ గాజి’, మాకు ఇంకా జీతం అందలేదు. ఆ ‘బెలుం’ కూడా గుర్తుంచుకోండి. ‘తిదా’ అంటే కాదు, లేదు. ‘బెలుం’ అంటే ఇంకా లేదు, రావాల్సి ఉంది. డబ్బు విషయంలో బెలుం అనండి.

పలకడం గురించి. మలయ్ మనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు, దాదాపు రాసినట్టే పలుకుతారు. ‘సి’ అక్షరం ఎప్పుడూ చ. అందుకే అది చూతి, కూటి కాదు. సుంగై అని మనం రాస్తాం గానీ వాళ్లు గ పలకరు, ముక్కుతో ‘సుఙై’ అంటారు. మన అక్షరమాలలో ఆ ఙ ఎందుకుందో బడిలో ఎవరూ చెప్పలేదు. నాకు ఈ ఊళ్లో తెలిసింది. క్రియలకు కాలాలు లేవు, ఆడ మగ తేడాలు లేవు. ‘సుదా’ పెడితే అయిపోయింది, ‘ఆకాన్’ పెడితే జరగబోతుంది. మన తెలుగు నేర్చుకునేవాడి పాట్లతో పోలిస్తే ఇది పండగ.

అయితే ఫోన్ యాప్‌లో నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు ఇక్కడ తెల్లమొహం వేస్తారు. ఎందుకంటే ఇది కెడా. పుస్తకంలో ‘పెర్గి’ అంటే వెళ్లు, ఇక్కడ ‘పి’. ‘మారి’ అంటే రా, ఇక్కడ ‘మాయ్’. పెద్దది ‘బెసార్’, ఇక్కడ ‘బెసాక్’ లాగా వినిపిస్తుంది. నాది సోంపేట వైపు. హైదరాబాద్ బస్సెక్కి ‘ఏటి బావూ’ అంటే అందరూ తిరిగి చూసినట్టే ఇదీ. యాస చెవితో నేర్చుకోండి, నోటితో మాత్రం కాస్త ఆలోచించి వాడండి. ‘హాంగ్’ అంటే నువ్వు. తోటివాడితో బాగుంటుంది, మేనేజర్‌తో వాడితే ఇబ్బంది. వీళ్లూ మనలాగే వరసలు కలుపుతారు. అన్న ‘అబాంగ్’, అక్క ‘కాకాక్’, పిన్ని లాంటి పెద్దావిడ ‘మక్ చిక్’, బాబాయి ‘పక్ చిక్’. వరస పెట్టి పిలిస్తే సగం తప్పులు క్షమిస్తారు.

వయసైపోయింది, బుర్రకు ఎక్కదు అనేవాళ్లకు ఒక మాట. మన తెలుగుకు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగినప్పుడు ఆయనకు తెలుగు రాదు. కాలేజీలో నేర్చుకుని 1820లో కడపకు ఉద్యోగానికి వెళ్లాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆయన దగ్గర జీతానికి పండితులున్నారు, మనకెవరున్నారు అనకండి. మనకు క్యాంటీన్ మక్ చిక్ ఉంది, జీతం కూడా అడగదు.

బుర్ర కంటే సిగ్గే పెద్ద అడ్డం. ఊళ్లో మనం నలుగురికి చెప్పేవాళ్లం, ఇక్కడ మూడేళ్ల పిల్లాడిలా మాట్లాడాలంటే తల కొట్టేసినట్టుంటుంది. అర్థం కాకపోయినా ‘యా, యా’ అని తలూపేస్తాం. నా ప్రాణం మీదికి తెచ్చింది ఆ తలూపుడే. అందుకే మొదట నేర్చుకోవాల్సింది నమస్కారం కాదు. ‘తా ఫహాం’, నాకు అర్థం కాలేదు. ‘సెకాలి లాగి’, ఇంకోసారి చెప్పండి. ‘పెర్లాహాన్ సికిత్’, కొంచెం నెమ్మదిగా. ఈ మూడూ నోటికి వచ్చేదాకా సంతకం జోలికి పోకండి. కాగితం ఇస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, తర్వాతే పెన్ను తీయండి.

నేను చేసింది చెప్తాను. చొక్కా జేబులో చిన్న పుస్తకం. రోజుకు ఐదు మాటలు, తెలుగులోనే రాసుకునేవాణ్ణి. పక్కన అర్థం కాదు, ఆ మాట ఎవరు ఎక్కడ అన్నారో రాసేవాణ్ణి. ‘తుంగ్గు: గేటు దగ్గర గార్డు, చెయ్యి చూపి’ అని. అంటే ఆగు, ఉండు అని. అలా రాస్తే మనిషి గుర్తొస్తాడు, మనిషితో మాట వస్తుంది. మర్నాడు ఆ ఐదింట్లో ఒక్కటైనా ఎవరితోనైనా అనాలి. తప్పు అన్నా సరే. ఎనిమిది నెలలకు లైన్‌లో జోకులు అర్థమయ్యాయి. వాటిలో రెండు నా మీదే అని కూడా తెలిసింది.

రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు ఇంగ్లీషువాళ్ల కాలంలో వచ్చిన మన పాత తెలుగువాళ్లూ ఇలాగే నేర్చుకున్నారు, పుస్తకం కూడా లేకుండా. వాళ్ల మనవలు ఇప్పుడు మలయ్ గడగడా మాట్లాడుతూ, తెలుగు అఆలు పెద్దయ్యాక దిద్దుకుంటున్నారు. కనిపిస్తే వాళ్లకు మీరు తెలుగు చెప్పండి, వాళ్ల దగ్గర మలయ్ నేర్చుకోండి.

చివరికి జీతం స్లిప్పు. ‘గాజి పోకోక్’ అంటే మూల జీతం. పోకోక్ అంటే చెట్టు కూడా, జీతం చెట్టు అని గుర్తుపెట్టుకోండి. 2025 ఫిబ్రవరి నుంచి కనీస జీతం నెలకు 1,700 రింగిట్లు. ‘కెర్జా లెబీ మాసా’ అంటే ఓటీ. మామూలు రోజు గంటకు ఒకటిన్నర రెట్లు రావాలి. 2023 జనవరి నుంచి మామూలు పని వారానికి 45 గంటలు దాటకూడదు. ‘పోతోంగాన్’ అంటే కోతలు. ఆ మాట కింద ఎన్ని లైన్లున్నాయో, ఒక్కో లైను దేనికో అడిగి తెలుసుకోండి. ‘గాజి బెర్సే’ అంటే చేతికొచ్చేది. బెర్సే అంటే శుభ్రం, అన్నీ ఊడ్చేశాక మిగిలింది అన్నమాట.

వచ్చే ఆదివారం ఇదే చోట, ఇదే టైముకు. ఎవరి స్లిప్పు వాళ్లు తెచ్చుకోండి, పేరు దగ్గర వేలు పెట్టి దాచుకోవచ్చు. ఒక్కో మాటా కూర్చుని చదువుదాం. నా పాత జేబు పుస్తకాలు మూడున్నాయి, అవీ తెస్తాను. టీ ఖర్చు నాది.