వాడిన నూనెకు మంట వద్దు, వేడినీళ్లు చాలు
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున మాట్లాడినది)



మా సంఘంలో 12 మందిమి. బజ్జీల బండ్లు, టిఫిన్ హోటళ్ల నుంచి వాడిన నూనె కొని, ఇంజన్లకు పోసే బయోడీజిల్ చేద్దామని మొదలుపెట్టాం. రాబడి, ఖర్చు లెక్కల పేజీల్లో ఉన్నాయి. లెక్కల్లో రాయని మా పొరపాటు ఒకటుంది. అది ఇంకో సంఘంలో జరక్కూడదని చెబుతున్నాం.

నూనెను మళ్లీ మళ్లీ కాచితే ఒంటికి చెడు చేసే పదార్థాలు పెరుగుతాయి. వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్లు అంటారు. అవి 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదని 2018 జూలై 1 నుంచి నియమం ఉంది. అలాంటి నూనె మళ్లీ మూకుడులోకి పోకుండా చూడటం మంచి పనే. కానీ ఆ పని చేసే పద్ధతి మాకు తెలియలేదు.

వానాకాలంలో డబ్బాలు ఆరుబయట పెట్టాం. మూతల సందుల్లోంచి నీళ్లు దిగాయి. నూనె కంటే నీరు బరువు కదా, అడుక్కి చేరి కూర్చుంది. చలికాలానికి పామాయిలు గడ్డకట్టింది. కరిగిద్దామని డ్రమ్ములో పోసి, కింద కట్టెల మంట పెట్టాం. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే ఉంది. ఇంకో రెండు కట్టెలు తోశాం.

అడుగున నీరు ఒక్కసారిగా ఆవిరైంది. గ్లాసెడు నీరు ఆవిరైతే సుమారు 1,600 గ్లాసులంత చోటు కావాలి. పైన గడ్డ అడ్డం ఉంది. ఇంకేముంది, నూనె ఎగజిమ్మి పొయ్యిలో పడి మంట లేచింది. ఒకామె బిందెతో నీళ్లు తెచ్చింది. “పొయ్యొద్దక్కా!” అని పక్కామె బిందె లాక్కుంది. ఆ నీళ్లు పోసుంటే మంట మా అందరి మీదా పడేది. ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుక పక్కనే ఉండబట్టి, అది పోసి ఆర్పాం. మా చెల్లెలు ఒకరికి మోచేతి దాకా కాలింది. గాజులు తీసి, 20 నిమిషాలు చల్లటి నీటిధార కింద చెయ్యి పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాం.

పోపులో తడి గరిటె పెడితే చిమ్ముతుందని మనకెవరూ నేర్పక్కర్లేదు. ఆ తెలివి డ్రమ్ము దగ్గర మర్చిపోయాం.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. డబ్బాలు నీడన, మూత బిగించి నిల్వ చేస్తాం. కరిగించేటప్పుడు మాత్రం మూత వదులు చేస్తాం, లోపలి ఆవిరికి దారుండాలి. డబ్బాను ముప్పావు వంతుకు మించి నింపం. వేరేచోట కాచిన నీళ్లు తెచ్చి, డబ్బాలు పెట్టిన గంగాళంలో పోస్తాం. నీళ్లు డబ్బా అంచు దాటనివ్వం. నూనె 60 డిగ్రీలకు వస్తే చాలు, థర్మామీటరు పెట్టి చూస్తాం. కరిగినదాన్ని గుడ్డతో వడకట్టి, కింద కుళాయి ఉన్న డ్రమ్ములో రెండు రోజులు కదపకుండా ఉంచి, అడుగున చేరిన నీరు, మడ్డి వదిలేస్తాం. తర్వాత ఒక చెంచా నూనె మూకుడులో కాచి చూస్తాం. చిటపటమంటే ఇంకా నీరుందన్నమాట. నూనె గుడ్డలు కుప్ప వెయ్యం, వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. ఇసుక బకెట్టు ఎప్పుడూ దగ్గరుంటుంది. నైలాన్ చీరతో ఎవరూ రాకూడదు.

ఇంకో తీర్మానం కూడా చేశాం. బయోడీజిల్‌కు నూనెలో మిథనాల్ కలపాలి. అది విషం, కడుపులోకి పోతే చూపే పోవచ్చు. 65 డిగ్రీల లోపే మరుగుతుంది. దాని ఆవిరి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది, మంట పగటి వెలుగులో కనబడదు. ఇళ్ల మధ్య, పిల్లలు తిరిగేచోట ఆ పని చెయ్యం. శుభ్రం చేసిన నూనెను అనుమతి ఉన్న తయారీదారులకే ఇస్తున్నాం. రాబడి కొంత తగ్గింది. సమావేశంలో వాదనలూ జరిగాయి. చివరికి చెయ్యి కాలిన చెల్లెలే లేచి, “డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు” అంది. ఆపైన ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు థర్మామీటరు చూసేది ఆమే. మీ ఊళ్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు మా ఊరు రండి. ఆమె దగ్గరుండి చూపిస్తుంది.