న్యాయవాది చదువుకు గడువు మనమే పెట్టుకుందాం
(యువ న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లకోటు ధరించడంతో న్యాయవాది చదువు ముగియదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో అనుభవజ్ఞులైన న్యాయవాదులు సైతం ప్రతి రెండేళ్లకు 24 గంటల న్యాయవిద్యను పూర్తి చేయవలసి ఉంటుంది. కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు. అక్కడ గడువు మీరి, ఆపై నోటీసునూ పెడచెవిన పెట్టినవారు వృత్తి నిర్వహించే అర్హతనే కోల్పోతారు.

మన దేశంలో నమోదైన రెండేళ్లలోగా అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఆ తరువాత ఇన్ని గంటలు చదివి తీరాలన్న గడువు దేశవ్యాప్తంగా అమలులో లేదు. అడిగేవారు లేరని మనం ఊరకుంటే నష్టపోయేది కక్షిదారు.

ఒక్క ఉదాహరణ చూద్దాం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 436ఏ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం జైలులో గడిపిన విచారణ ఖైదీ విడుదలకు అర్హుడు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్, మునుపెన్నడూ శిక్షపడని వారికి ఆ కాలాన్ని మూడవ వంతుకు తగ్గించింది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించిన కేసులున్నవారికీ అడ్డంకి ఉన్నది. అంతకు ముందు నమోదైన కేసులకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మూడేళ్ల శిక్ష పడగల కేసులో పాత లెక్క 18 నెలలు, కొత్త లెక్క 12 నెలలు. వకీలుకు ఈ మార్పు తెలియకపోతే ఆ ఆరు నెలలూ ఒక తల్లి ములాఖత్ కోసం జైలు గేటు వద్ద నిలబడవలసిందే. జైలు సూపరింటెండెంట్ స్వయంగా కోర్టుకు దరఖాస్తు చేయాలని చట్టం చెబుతున్నది. కాని రోజులు లెక్కకట్టి అడిగే వకీలు లేనిచోట ఆ కాగితం కదలడం కష్టం. విచారణ ఖైదీలలో ముస్లింల నిష్పత్తి జనాభాలో వారి నిష్పత్తి కన్నా అధికమని జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు ఏళ్లుగా చూపుతున్నాయి. కనుక ఇది మన ఇళ్ల సమస్య.

అందుచేత మా విన్నపం ఇది. నెలకొక ఆదివారం రెండు గంటలు కలుద్దాం. ఏడాదికి 24 గంటలవుతాయి. ఆ నెలలో మారిన చట్టాన్నీ, వెలువడిన తీర్పునూ ఒకరు చదివి వివరించాలి. మహిళా న్యాయవాదులకు అనువైన వేళనే నిర్ణయించాలి. స్థలమూ, హాజరుపట్టీ మేము చూసుకుంటాము.

కక్షిదారు వకాలత్‌నామాపై సంతకం చేసి మీకు అప్పగించేది ఒక అమానత్. దానిని కాపాడేందుకు నెలకు రెండు గంటలు అధికం కాదు.