తెరమీది పేరు

చిత్రము మొదట నడచిపోవు పేర్లను ఓపికగా చదువువారు తక్కువ. మామిడికుదురునుండి వచ్చిన ఒక లేఖలో మాత్రము "లవకుశకు దర్శకులు ఇద్దరేల?" అని అడిగినారు. ప్రశ్న చిన్నదే.

కాకినాడవారైన చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లోనే, కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున లవకుశను తీసిరి. దానిని చూచుటకు పల్లెలనుండి జనము బండ్లు కట్టుకొని వచ్చిరి. మరల 1958లో అదే కథను, ఈసారి రంగులలో, ఆయనయే చేపట్టిరి. నిర్మాత శంకరరెడ్డిగారికి ధనము చాలక పని నిలిచిపోయినది. డబ్బు వచ్చువరకు కెమేరా ఆగును. పిల్లల వయస్సు ఆగునా? లవకుశుల వేషములు కట్టిన బాలురు పెరుగుచునే యుండిరి. పని తిరిగి సాగునాటికి పుల్లయ్యగారి ఆరోగ్యము సహకరింపలేదు. కుమారులు సి. యస్. రావుగారు పగ్గములు పట్టి పూర్తిచేయగా, 1963 మార్చి 29న చిత్రము విడుదలయ్యెను. తండ్రి చేయి ఎక్కడ ముగిసినదో, కొడుకు చేయి ఎక్కడ మొదలైనదో వెదకబోయినచో మాకు అతుకు కానరాలేదు. సీత దుఃఖమే కానవచ్చినది.

గూడవల్లి రామబ్రహ్మంగారికి ఆ భాగ్యమును లేదు. మాలపిల్ల, రైతుబిడ్డ తీసిన ఆ సాహసి, పల్నాటి యుద్ధము సగములో నుండగా 1946లో కన్నుమూసిరి. ఎల్. వి. ప్రసాద్‌గారు ముగించిన ఆ చిత్రము 1947లో వెలువడినది.

కె. వి. రెడ్డిగారి సంగతి మరియొక తీరు. సీతారామ కళ్యాణమునకు దర్శకత్వము వహింపుమని ఎన్. టి. రామారావుగారు ఆయననే కోరిరి. మాయాబజారులో కృష్ణునిగా తీర్చిన నటుని రావణునిగా ఊహింపజాలనని రెడ్డిగారు తప్పుకొనిరి. మొగమాటమునకు ఒప్పుకొనని ఆ నిజాయితీ మాకు మెచ్చదగినదిగా తోచును; రామారావుగారి రావణుని చూచినపిమ్మట ఆయన ఊహ సరియని మాత్రము అనలేము! రామారావుగారే నిర్వహించిరి, 1961లో విడుదలైన ఆ చిత్రమున దర్శకుని పేరే వేయలేదు.

అల్లూరి సీతారామరాజు చిత్రీకరణ నడుమ, 1974లో, దర్శకులు వి. రామచంద్రరావుగారు మరణించిరి. పోరాట ఘట్టములను కె. యస్. ఆర్. దాస్‌గారును, తక్కినవానిని కథానాయకులు కృష్ణగారును తీసిరి. తెరమీద దర్శకునిగా రామచంద్రరావుగారి పేరొక్కటే వేసిరి.