చిన్న నాటకశాల యావశ్యకత
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సంఘభవనముపై వేయబోవు అంతస్తును ఏమి చేయవలెనను ప్రశ్న నేడు సభయెదుట నున్నది. వివాహములకు క్రింది కల్యాణమండపము చాలియున్నది. పైన 150 మంది కూర్చుండదగిన నాటకశాలను నిర్మింపవలయునని మేము మనవి చేయుచున్నారము.

ఇంత చిన్నశాల యెందులకని కొందఱు నవ్వవచ్చును. దీనికి న్యూయార్కు నగరమే సమాధానము. అచ్చటి పెద్ద నాటకశాలలను బ్రాడ్వే యనియు, 100 మొదలు 499 ఆసనముల వఱకు గలవానిని ఆఫ్ బ్రాడ్వే యనియు వ్యవహరింతురు. పెద్దశాలలో పెట్టుబడి అపారము. కావున యజమానులు జనులెఱిగిన కథనే కోరుదురు. చిన్నశాలలో నష్టము వచ్చినను భరింపవచ్చును; కావున క్రొత్తదానికి తావు కలదు.

1960లో సల్లివాన్ వీథియందలి సుమారు 150 ఆసనముల శాలలో 'ది ఫాంటాస్టిక్స్' అను సంగీతనాటకము నారంభించిరి. రంగాలంకారము స్వల్పము, నటులు కొలదిమంది, వాద్యములు పియానో, హార్పు మాత్రమే. అది 2002 వఱకు 17,162 మారులు ప్రదర్శింపబడెను. 1967లో 'హెయిర్', 1975లో 'ఎ కోరస్ లైన్' పబ్లిక్ థియేటరున పుట్టి పిదప బ్రాడ్వే కెక్కినవి. రెండవదాని యాదాయమే ఆ సంస్థ యొక్క తరువాతి ప్రయోగములను పెక్కేండ్లు పోషించెను.

ఒక్కమాట మఱువరాదు. ఆ శాలలు వినోదమునకు ఆడుకొనువారివి కావు. నటునకు, వాద్యకారునకు, దీపములు చూచువానికి వేతన మిచ్చునవి. మన తెలుగునాట సురభివారును 1885 మొదలు కుటుంబములతో సహా నాటకమునే వృత్తిగా జేసికొని, టిక్కెట్టునే నమ్ముకొనిరి. మన యువకులో, వార్షికోత్సవమున ఉచితముగా నాడి, శాలువ కప్పించుకొని, మఱునాడు ఉపాధి వెదకుకొనుచున్నారు. శాలువల ధనముతో టిక్కెట్లు కొందము.

మఱియు, ఈ శాల తలుపులు సకల కులములవారికిని తెఱచియుండవలయును. రచయితయైనను, నటుడైనను, ప్రేక్షకుడైనను, యోగ్యతనే చూతము గాని యింటిపేరు నడుగము. ఒక్క కులము మాత్రమే చూచి నిలుపగల నాటక మెచ్చటను లేదు. కట్టినది మనమైనను, కళ యెల్లరది.

ఈ తీర్మానము నామోదింప సభవారిని ప్రార్థించుచు విరమించుచున్నారము.