దూరదర్శినిలో కనబడినది, కనబడనిది

పాఠశాల ఆవరణలో దూరదర్శినిని నిలిపిన సాయంకాలము మీలో కొందరు చూచియే యుందురు. పిల్లలు బారులు తీరుదురు. ఒక్కొక్కరే వచ్చి కన్ను పెట్టుదురు. "చంద్రుడు కనబడెనా?" అని ఉపాధ్యాయుడడుగును. "కనబడెనండీ" అని తప్పుకొందురు. తిరునాళ్ల దర్శనము వంటిదే. ఒక రాత్రి మేము గొట్టమునకు మూత తీయుట మఱచితిమి; అది గుర్తించునప్పటికే ఇద్దరు బాలురు చంద్రుని చూచి వెళ్లిరి! వారిని కోపించి లాభమేమి? ఏమి కనబడవలెనో ముందే చెప్పియుంచినది మేము.

నాటి నుండి మొదటి పాఠమును పగటి వేళకు మార్చితిమి. పెనుకొండలో కొండమీది కోటగోడకు గురిపెట్టి, మాటాడక, కనబడినది గీయుడంటిమి. గోడ తలక్రిందుగా నున్నదని పిల్లలే కేకలు పెట్టిరి. అప్పుడు కటకముల సంగతి వినుటకు వారికి ఆసక్తి పుట్టినది. ముందు 50 సెంటీమీటర్ల నాభ్యంతరము గల కుంభాకార కటకము, కంటివైపు 5 సెంటీమీటర్లది, నడుమ 55 సెంటీమీటర్ల అట్టగొట్టము. 50ని 5చే భాగించినచో 10. వస్తువు పదిరెట్లు పెద్దదిగా కనబడును. మొదటి కటకము బొమ్మను తలక్రిందుగా ఏర్పరచును. రెండవది దానిని పెద్దది చేయునే గాని సరిదిద్దదు. నక్షత్రములకు తలయేది, కాలేది?

పెద్దదిగా చూపుటయే దూరదర్శిని గొప్ప యని చాలమంది నమ్మకము. అది సరి కాదు. వానలో చెంబు పెట్టిననాడు ఎన్ని నీళ్లు, గంగాళము పెట్టిననాడు ఎన్ని నీళ్లు అన్నది మన సీమ పిల్లలకు చెప్పనక్కరలేదు. చీకటిలో కనుపాప సుమారు 7 మిల్లీమీటర్లు విచ్చుకొనును. 50 మిల్లీమీటర్ల కటకము దానికి 50 రెట్ల వెలుతురును పట్టును. వెడల్పు వలన మరియొక లాభము కలదు. ధర్మవరపు చీర అంచున దగ్గరగా నున్న రెండు జరీ గీతలు దూరమునకు ఒక్కటిగా తోచును. కటకము వెడల్పైన కొలది అట్టి జంటలు విడివడి కనబడును. సూర్యునివైపు మాత్రము దూరదర్శినిని ఎన్నడును త్రిప్పరాదు. క్షణములో చూపు పోవును. ఈ మాట ప్రతి పాఠమునందును చెప్పుచుందుము.

హిందూపురములో ఒక బాలుడు, "కన్ను పెట్టనక్కరలేని దూరదర్శిని ఉన్నదా?" అనెను. ఉన్నది, దూరమును కాదు. ధర్మవరము నుండి పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరు పోవు రైలుమార్గము గౌరిబిదనూరును తాకును. ఆ ఊరి దాపున 1976 నుండి రేడియో వేధశాల యున్నది. అచ్చట ఇంగ్లీషు టీ అక్షరము ఆకారమున వేయి ఏంటెన్నాలు నిలిపి, సుమారు 8.7 మీటర్ల తరంగములతో ఆకాశమును పరిశీలించిరి. తూర్పు పడమరల బారే 1.4 కిలోమీటర్లు. మీ యింటి రేడియో వలెనే అదియు తరంగములను పట్టును. పలుకునది మాత్రము నక్షత్రలోకము.

గురుగ్రహమును చూపునాడు ఉపగ్రహములెన్నియో చెప్పము. వరుసగా కొన్ని రాత్రులు చుక్కల స్థానములను తేదీ, వేళలతో గీయింతుము. గెలీలియో 1610 జనవరి 7న చూచినవి మూడే. నాలుగవది 13న గాని కంటబడలేదు. ధర్మవరములో ఒక బాలిక పుస్తకమున ఒకనాడు మూడు చుక్కలే యుండెను. ప్రక్కవారందరును నాలుగు గీచిరి, పాఠ్యపుస్తకములో చదివి కాబోలు. ఆమె అడుగున "నాలుగవది నాకు కనబడలేదు" అని వ్రాసెను. ఆ వేళకు ఆ ఉపగ్రహము గురుని వెనుక నుండెను.