సొత్తు ఎవరిదైనా షరతులు మనకు తెలియాలి
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన విద్యుత్ బోర్డు ఇంజనీరు. అందుకే ఆయన రంగానికి దగ్గరి విషయమే తీసుకున్నాను. కరెంటు, నీళ్ళు, రైలు, రోడ్డు సర్కారు చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలోనా?

హైదరాబాద్ హైటెక్ సిటీ ప్రైవేటు సామర్థ్యానికి నిదర్శనమని పేరు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌ను ఎల్ అండ్ టీ, ఏపీఐఐసీ కలిసి కట్టాయి. అయితే ఆ మేడలకు కరెంటు ఇచ్చేది ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే డిస్కం. గచ్చిబౌలిలో ఎక్కే ఔటర్ రింగు రోడ్డును ప్రభుత్వమే కట్టించి, 2023లో 7,380 కోట్లకు 30 ఏళ్ళపాటు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చింది. రెండేళ్ళు దాటగానే, 2025 సెప్టెంబరులో, ఎల్ అండ్ టీ చేతిలోని మెట్రోను తీసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. నడుమ అధికార పార్టీ మారింది, నిజమే. కానీ సర్కారా, ప్రైవేటా అన్న సిద్ధాంతంతో ఈ రెండు నిర్ణయాలూ తేలవు. షరతులు చూడాలి.

మెట్రో కథే తీసుకుందాం. 2008లో మేటాస్ నాయకత్వంలోని బృందం ప్రభుత్వ సాయం అక్కర్లేదని, తిరిగి తామే 30 వేల కోట్లకు పైగా ఇస్తామని టెండరు గెలుచుకుంది. ఈ లెక్క రైలుది కాదు, భూములదని ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. 2009లో మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంపెనీలో కుంభకోణం బయటపడింది, ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. 1,458 కోట్ల కేంద్ర సాయంతో పాటు స్టేషన్ల చుట్టూ 1.85 కోట్ల చదరపు అడుగుల నిర్మాణ హక్కు లభించింది. రైళ్ళు బాగానే నడిచాయి. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి వచ్చాయి. నడవనిది ఆదాయం లెక్క. మాల్స్, ఆఫీసుల మీద పెట్టుకున్న అంచనాలు అందలేదు. 2020 మార్చి నుంచి సెప్టెంబరు దాకా కరోనా రైళ్ళనే ఆపేసింది. చివరికి సుమారు 13 వేల కోట్ల అప్పు ప్రభుత్వం తలకెత్తుకుని, కంపెనీకి దాదాపు 2 వేల కోట్లు చెల్లించేలా అంగీకారం కుదిరింది.

ఇది మన ఊరికి కొత్త కాదు. 1883లో నిజాం రాజ్యపు రైలును లండన్‌లో పుట్టిన కంపెనీకి అప్పగించి, పెట్టుబడి మీద 20 ఏళ్ళు 5 శాతం రాబడికి ఖజానా హామీ ఇచ్చింది. కంపెనీకి నష్టమొచ్చినా ఖజానా కట్టాలి. చందా రైల్వే పథకంగా పేరుపడిన ఈ ఏర్పాటు మీద అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి వారు కోరింది రైలు వద్దని కాదు, షరతులు ప్రజల ముందు పెట్టమని. అందుకు చటోపాధ్యాయకు నగర బహిష్కారం దక్కింది. 1930లో ఆ రైలును ప్రభుత్వమే కొనుక్కుంది.

నీళ్ళ సంగతి మరో రకం. ఎండాకాలంలో మాదాపూర్, కొండాపూర్‌లలో చాలా అపార్టుమెంట్లకు వచ్చేది ప్రైవేటు ట్యాంకరే. ఎవరూ చట్టం చేయలేదు, టెండరు పిలవలేదు. జలమండలి గొట్టం చాలని చోట బోరు నీళ్ళ వ్యాపారం తనంతట తానే దిగింది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం వల్ల గొట్టంలో నీరొచ్చే ఇంటికే మేలు. సర్కారు సంస్థ ఉన్నంత మాత్రాన నీళ్ళు సర్కారువి కావు.

కరెంటులో మాత్రం ఒక మంచి ఏర్పాటు మిగిలింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును చీల్చారు. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద ఉద్యమించిన వారిపై బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. డిస్కంల ప్రైవేటీకరణ జరగలేదు గానీ, చార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి నిలబడింది. చార్జీ పెంచాలంటే డిస్కం లెక్కలు బయటపెట్టాలి, రైతు అయినా లేచి అడగవచ్చు. కొన్నేళ్ళు డిస్కంల చార్జీల ప్రతిపాదనలు వేళకు రాకపోవడం మన నిర్లక్ష్యమే.

ప్రైవేటు వల్ల మేలు జరగదా? జరుగుతుంది. 2002 తర్వాత ఢిల్లీ డిస్కంల కరెంటు నష్టాలు దాదాపు సగం నుంచి పది శాతం లోపుకు దిగాయి. కానీ 1999లోనే ప్రైవేటుకిచ్చిన ఒడిశాలో అమెరికా కంపెనీ ఏఈఎస్ రెండేళ్ళకే చేతులెత్తేసింది. రెండూ ప్రైవేటే. నష్టం ఎవరు భరించాలో, లెక్క ఎవరికి చెప్పాలో రాసుకున్న తీరులోనే తేడా.

కాబట్టి నేను కోరేది ఏ జెండా పక్షమూ కాదు. మెట్రో బదిలీ ఒప్పందాన్నీ, ఔటర్ లీజు ఒప్పందాన్నీ తెలుగులో పూర్తిగా ప్రచురించాలి. కరెంటుకున్నట్టే నీళ్ళకూ మెట్రోకూ బహిరంగ విచారణ జరిపే శాశ్వత నియంత్రణ మండలి కావాలి. ట్యాంకరు ధర, నీటి నాణ్యత కూడా దాని కిందికే రావాలి. అప్పు మన పేరిట రాసేటప్పుడు కాగితం మనకు చూపించమని అడగడం మన హక్కు. 1883లో అడిగినవారిని ఊరు దాటించారు. ఇవాళ అడిగితే ఎవరూ దాటించరు. దయచేసి అడగండి.