నోరు విప్పిన విద్యార్థికి శిక్ష వేసే ముందు

(కోయంబత్తూరు, మదురై తెలుగు క్రైస్తవ యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



మదురైలో నాయక రాజుల కాలం నుంచి, కోయంబత్తూరు చుట్టుపక్కల తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వారిలో భూములున్న నాయుళ్లూ ఉన్నారు, చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చి పిల్లల్ని పెంచిన అరుంధతీయులూ ఉన్నారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీలకున్న 18 శాతం రిజర్వేషన్లో 3 శాతం అరుంధతీయులకు విడిగా ఇచ్చింది. ఇలాంటి వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. క్రైస్తవులైన దళితులకు ఆ ఎస్సీ కోటా లేదు, వారిని ఇక్కడ బీసీలుగా లెక్కిస్తారు. ఏ దారిన వెళ్లినా, మన వాడల్లో చాలా ఇళ్ల నుంచి యూనివర్సిటీ గడప తొక్కుతున్నది మొదటి తరం పిల్లలే.

ఈ పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, యూనివర్సిటీ కాగితాల్లో ఇంగ్లీషు. చేరిన రోజున సంతకం పెట్టిన ప్రవర్తనా నియమావళిలో ఏముందో తల్లిదండ్రులు చదవలేరు. అందుకే మనం పిల్లల్ని సాగనంపేటప్పుడు ఒకటే మాట చెబుతాం: "నోరు మూసుకుని చదువుకో." ఆ మాట వెనుక ప్రేమ ఉంది, భయమూ ఉంది. హాస్టల్ సీటు పోతే చదువే పోతుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు.

2015 మే నెలలో ఐఐటీ మద్రాసు అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ గుర్తింపును రద్దు చేసింది. పేరు చెప్పని వారి ఫిర్యాదు ఢిల్లీలోని మంత్రిత్వ శాఖకు వెళ్లి, అక్కడి నుంచి ఐఐటీకి వచ్చింది. తమ మాట వినకుండానే నిర్ణయం తీసుకున్నారని విద్యార్థులు అన్నారు. దేశమంతా నిరసన తెలిపాక జూన్‌లో గుర్తింపు తిరిగి ఇచ్చారు.

అదే ఏడాది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండు విద్యార్థి సంఘాల మధ్య గొడవ జరిగింది. ఆ గొడవలో తప్పెవరిదన్నది వివాదమే. డిసెంబరులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులను మాత్రం హాస్టళ్ల నుంచి పంపేశారు. క్లాసులకు రావచ్చు గాని హాస్టళ్లకు, పరిపాలనా భవనానికి, నలుగురూ కూడే చోట్లకు రాకూడదన్నారు. వాళ్లు బయట గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. వెలివాడ అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. యూనివర్సిటీ లోపల ఆ మాట మళ్లీ వినవలసి వచ్చింది.

2025 మార్చిలో ఉస్మానియా యూనివర్సిటీ కాలేజీల్లో, విభాగాల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ ఇచ్చింది. ఉద్యమాలకు పేరున్న చోటే ఇలా ఉంటే, మన పిల్లలు భయపడటంలో వింతేముంది?

అయితే సర్క్యులర్ వచ్చినంత మాత్రాన అది చట్టమైపోదు. ఈ సంగతి తేల్చిన కేసు మన పక్క రాష్ట్రమైన కేరళ నుంచే వచ్చింది. 1985లో కొట్టాయం జిల్లాలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. వారు యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి తెలుగువారే. రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన వాక్స్వాతంత్ర్యానికి హద్దు పెట్టాలంటే 19(2) చెప్పిన కారణం ఉండాలి, చట్టం ఆధారం ఉండాలి, శాఖాపరమైన ఉత్తరువు ఒక్కటే చాలదని ఆ తీర్పు సారాంశం. యెహోవా సాక్షుల బోధతో మన సంఘాలు ఏకీభవించవు. అయినా వారి హక్కు నిలిచినందువల్లే మన పిల్లల హక్కూ నిలిచింది.

రెండో సంగతి, శిక్షకు ముందు మాట వినడం. 1718లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం రిచర్డ్ బెంట్లీ అనే పండితుడి డిగ్రీలను ఆయన వాదన వినకుండానే తీసేసింది. ఇంగ్లండ్ కోర్టు అది చెల్లదని, డిగ్రీలు తిరిగి ఇవ్వమని చెప్పింది. ఆ 1723 నాటి కేసులో ఒక న్యాయమూర్తి ఏదెను తోటను గుర్తుచేశారు. సమస్తం ఎరిగిన దేవుడు కూడా ఆదామును పిలిచి, అడిగి, జవాబు విన్నాకే తీర్పు చెప్పాడు కదా అన్నారు. మన దేశంలోని కోర్టులూ ఈ కేసును ఉదహరిస్తుంటాయి. యోహాను సువార్త 7వ అధ్యాయంలో నీకొదేము అడిగిందీ ఇదే: మనిషి మాట వినకుండా ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని. దేవుడే పాటించిన పద్ధతిని ఏ వైస్ చాన్సలరు పక్కన పెట్టగలడు?

నియమాలే వద్దని మేము అనడం లేదు. ర్యాగింగ్‌ను ఆపేదీ, మన ఆడపిల్లలను కాపాడేదీ, కులం పేరుతో తిట్టినవాణ్ణి నిలదీసేదీ నియమమే. బెదిరింపూ దెబ్బలాటా వాక్స్వాతంత్ర్యం కావు. అడిగినందుకు, విమర్శించినందుకు, సభ పెట్టుకున్నందుకు శిక్ష వేస్తే అది వేరే సంగతి.

కాబట్టి యువతీ యువకులారా, నియమావళిని నలుగురూ కూర్చుని తెలుగులోనో తమిళంలోనో చదువుకోండి. ఎవరైనా పిలిచి మందలిస్తే ఏ నియమం ప్రకారమో రాతపూర్వకంగా అడగండి. షోకాజ్ నోటీసు వస్తే గడువులోగా రాసి జవాబివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీ, దాని పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. అక్కడికి వెళ్లండి.

సంఘ పెద్దలారా, నోటీసు అందుకున్న బిడ్డను ఒంటరిగా పంపకండి. వెంట ఒకరు వెళ్లండి. మన మిషన్ కాలేజీల సంగతి కూడా ఆలోచిద్దాం. ప్రైవేటు యాజమాన్యాల మీద 19వ అధికరణం నేరుగా వర్తించకపోవచ్చు. కోర్టు అడగకపోయినా సువార్త మనల్ని అడుగుతుంది. మన ప్రిన్సిపాళ్ల గదుల్లోనూ, మన సంఘ కమిటీల్లోనూ పిల్లల మాట వినకుండా తీర్పు రాయకూడదు.

ఇకమీదట పిల్లల్ని సాగనంపేటప్పుడు "బాగా చదువుకో, అన్యాయం చూస్తే మర్యాదగా అడుగు, నీ వెనక మేమున్నాం" అని చెబుదాం. ఆ మాట నిలబెట్టుకునే ధైర్యం ప్రభువు మనకు దయచేయును గాక.